కాగితం ఎవరి టేబుల్ మీదకి వెళ్తుందో ముందు కనుక్కోండి

మా ఆయన ఇమ్మిగ్రేషన్ ఫైలు మొత్తం నేనే కట్టాను. ఆయన పుట్టింది ఒక దేశం, చదివింది ఇంకో దేశం, నన్ను చేసుకునేనాటికి ఉంటున్నది మరో దేశం. ఆ పని నాకు నచ్చిందంటే మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు గానీ, తర్వాత ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర అదే ఉద్యోగమైంది. భార్యని తెచ్చుకునేవాళ్ళు, భర్తని తెచ్చుకునేవాళ్ళు, పెళ్ళి చేసుకోకుండా కలిసుంటున్నవాళ్ళు, అందరి కాగితాలూ లాయరు చూడకముందు నేను చూస్తాను.

వచ్చినవాళ్ళు మొదట అడిగేది "నోటరీ ఎక్కడ కొట్టించాలండీ?" అని. నేను తిరిగి అడుగుతాను: "ఇది చివరికి ఎవరి టేబుల్ మీదకి వెళ్తుంది?" చాలామంది దగ్గర దానికి జవాబుండదు. అది తెలియకుండా నోటరీ దగ్గరికి వెళ్తే డబ్బు ఖర్చవుతుంది, స్టాంపు పడుతుంది, ఆ స్టాంపు ఎవరికీ అక్కర్లేదని ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది.

ఒకే పుట్టిన సర్టిఫికెట్టు తీసుకోండి. అది అమెరికా ఇమ్మిగ్రేషన్‌కి వెళ్తుంటే అపోస్టిల్ (హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలు ఒకరి కాగితాల మీద ఒకరు ఒప్పుకునే ధ్రువీకరణ) అడగరు. ఇంగ్లిష్‌లో లేకపోతే పూర్తి అనువాదం కావాలి, ఇది సరైన అనువాదమనీ తనకి రెండు భాషలూ వచ్చనీ అనువదించినవాళ్ళు రాసి సంతకం పెట్టాలి, అంతే. అదే కాగితం స్పెయిన్‌కి వెళ్తే అపోస్టిల్ కావాలి, దానిమీద ప్రమాణం చేసి ప్రభుత్వ గుర్తింపు పొందిన అనువాదకుడి చేత స్పానిష్ అనువాదం కావాలి. యూఏఈకి వెళ్తే అపోస్టిల్ పనికే రాదు, వాళ్ళు ఆ ఒప్పందంలో లేరు. ఆ కాగితం పుట్టిన దేశంలోని యూఏఈ ఎంబసీ స్టాంపు వెయ్యాలి, అక్కడికి చేరాక వాళ్ళ విదేశాంగ శాఖ ఇంకోటి వెయ్యాలి. కాగితం మారలేదు, టేబుల్ మారింది.

కాబట్టి నోటరీ అపాయింట్‌మెంట్ కన్నా ముందు చెక్‌లిస్టు. మీ వీసా క్యాటగిరీకి ప్రభుత్వం ఇచ్చిన చెక్‌లిస్టు, అదీ మీ భాగస్వామి ఇంటర్వ్యూకి వెళ్ళే ఎంబసీ పేజీలో ఉన్నది. ఒకే దేశపు ఎంబసీలు ఒక్కోచోట ఒక్కోటి అదనంగా అడుగుతాయి. స్నేహితుడి ఫైలు చూసి కట్టకండి. అతని భార్యది వేరే దేశం కాగితం అయ్యుంటుంది, లేదా అప్పటి రూలు ఇప్పుడు లేకపోవచ్చు.

చెక్‌లిస్టులో ప్రతి కాగితం పక్కన ఏం రాశారో చూడండి. "సర్టిఫైడ్ కాపీ" అంటే రిజిస్టరు ఎవరి దగ్గరుందో ఆ ఆఫీసే ఇచ్చే నకలు. "నోటరైజ్డ్ కాపీ" అంటే నోటరీ ఒరిజినల్ చూసి, జిరాక్స్ దానితో సరిపోయిందని రాసేది. మొదటిది అడిగితే రెండోది ఇవ్వకూడదు. పైగా అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పుట్టిన, పెళ్ళి సర్టిఫికెట్ల జిరాక్సుల్ని ధ్రువీకరించే అధికారమే నోటరీలకి లేదు. "లీగలైజ్డ్" అని ఉంటేనే అపోస్టిల్ గానీ ఎంబసీ స్టాంపు గానీ కావాలని అర్థం. ఏమీ రాయలేదా, అప్పుడు ఏమీ వేయించకండి. ఇంకా నమ్మకం చాలకపోతే ఈమెయిల్ పెట్టి అడగండి, జవాబుని ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

అడగని స్టాంపులు వేయించడం మనవాళ్ళకి ఒక జబ్బు. వచ్చేవాళ్ళ ఖర్చు నేను చూసుకుంటానని అమెరికాలో ఉన్న స్పాన్సర్ పెట్టే ఐ-864 ఫారం మీద నోటరీ అవసరం లేదు, సంతకం చాలు. అయినా నా దగ్గరికి వచ్చే వాటిలో కొన్నిటిమీద గుండ్రటి సీలు మెరుస్తూ ఉంటుంది. దానివల్ల నష్టం లేదు, లాభమూ లేదు.

ఏ స్టాంపు ఏం చెప్తుంది

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. మీరు రాసుకున్న అఫిడవిట్ ఉందనుకోండి. నోటరీ చెప్పేది ఇంతే: ఈ మనిషి నా ముందుకి వచ్చింది, గుర్తింపు కార్డు చూశాను, నా ఎదుట సంతకం పెట్టింది. లోపల రాసింది నిజమని నోటరీ చెప్పడు. దానిమీద అపోస్టిల్ పడితే, ఆ నోటరీ సంతకం, హోదా, సీలు అసలైనవేనని ప్రభుత్వం చెప్పినట్టు. అపోస్టిల్ లేని దారిలో అయితే నోటరీ సంతకాన్ని ఒక శాఖ, ఆ శాఖ సంతకాన్ని విదేశాంగ శాఖ, విదేశాంగ శాఖ సంతకాన్ని ఎంబసీ ధ్రువీకరిస్తూ పోతాయి. ప్రతి స్టాంపూ దానికి ముందున్న స్టాంపు గురించే మాట్లాడుతుంది. అందుకే మధ్యలో ఒకటి తప్పిపోతే పైనున్నవాళ్ళు ముట్టుకోరు; వాళ్ళకి ఎవరి సంతకం తెలుసో అది ఆ కాగితం మీద లేదు. అందుకే అన్ని స్టాంపులూ ఉన్నా, లోపలి విషయం మీద ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ఇంకా ప్రశ్నలు వెయ్యవచ్చు.

అపోస్టిల్ 1961 అక్టోబర్ 5 నాటి హేగ్ ఒప్పందంతో వచ్చింది, 1965లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 120కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. కాగితం ఇచ్చిన దేశం, కాగితం అడిగిన దేశం రెండూ అందులో ఉంటే ఒక్క అపోస్టిల్‌తో పని అయిపోతుంది, ఎంబసీ మెట్లెక్కక్కర్లేదు. ఆ ఒప్పందాన్ని చూసుకునే సంస్థ హేగ్ కాన్ఫరెన్స్ వెబ్‌సైట్‌లో సభ్య దేశాల పట్టిక ఉంది. అందులో పేరు ఒక్కటే చూసి ఊరుకోకండి, పక్కన రెండు విషయాలు చూడాలి.

ఒకటి, ఎప్పటినుంచి అమల్లో ఉందో. చైనాకి 2023 నవంబర్ 7 నుంచి, కెనడాకి 2024 జనవరి 11 నుంచి వర్తిస్తోంది. అంతకుముందు రాసిన గైడ్లన్నీ ఆ దేశాలకి ఎంబసీ దారినే చెప్తాయి, నెట్‌లో ఇంకా అవే ముందు వస్తాయి. రెండు, అభ్యంతరాలు. కొత్తగా చేరిన దేశం మీద పాత సభ్యులు అభ్యంతరం చెప్పవచ్చు. చెప్తే ఆ రెండింటి మధ్య ఒప్పందం నడవదు. భారత్‌కి 2005 నుంచి అపోస్టిల్ ఉంది, కానీ జర్మనీ అభ్యంతరం చెప్పింది. కాబట్టి భారత్‌లో వేయించిన అపోస్టిల్‌ని జర్మనీ లెక్కలోకి తీసుకోదు. జర్మనీలో పెళ్ళి రిజిస్టరు చేసే ఆఫీసో, విదేశీయుల ఆఫీసో కాగితాన్ని వాళ్ళ ఎంబసీ ద్వారా విచారణ చేయిస్తామంటే అదే దారి. ముందు ఆ ఆఫీసుని అడక్కుండా అపోస్టిల్‌కి పరిగెత్తకండి.

యూరోపియన్ యూనియన్ లోపల ఒక దేశం కాగితం ఇంకో దేశానికి ఇచ్చేవాళ్ళకి ఈ గొడవ చాలావరకు లేదు. 2019 ఫిబ్రవరి 16 నుంచి పుట్టుక, పెళ్ళి, విడాకులు, నేరచరిత్ర లేదనే సర్టిఫికెట్ల లాంటివాటికి వాళ్ళలో వాళ్ళకి అపోస్టిల్ అక్కర్లేదు. అడిగితే బహుభాషా ఫారం కూడా జతచేసి ఇస్తారు, అనువాదం ఖర్చు చాలాసార్లు తప్పుతుంది. ఇది యూనియన్ దేశాలు ఇచ్చిన కాగితాలకే. అక్కడ నివసిస్తున్న బయటి దేశస్థుల సొంత దేశపు కాగితాలకి కాదు.

ఏ కాగితం ఎక్కడికి

ప్రతి కాగితానికీ ఒక పుట్టిల్లు ఉంటుంది, అపోస్టిల్ అక్కడే పడాలి. మీరు ఇప్పుడు ఎక్కడుంటున్నారన్నది దానికి అనవసరం. మా ఆయన డిగ్రీకి ఆయన చదివిన దేశంలో, పుట్టిన సర్టిఫికెట్టుకి పుట్టిన దేశంలో, పోలీసు (నేరచరిత్ర లేదనే) సర్టిఫికెట్టుకి నివసించిన ప్రతి దేశంలో. మీ సొంత దేశం ఎంబసీకి వెళ్ళి అపోస్టిల్ వెయ్యమంటే సాధారణంగా వెయ్యరు, అది వాళ్ళ పని కాదు.

ఒకే దేశంలో కూడా ఇళ్ళు వేరుగా ఉంటాయి. అమెరికాలో ఒక రాష్ట్రం ఇచ్చిన పుట్టిన సర్టిఫికెట్టుకి ఆ రాష్ట్రపు అధికారి దగ్గరే అపోస్టిల్, చాలాచోట్ల అది సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. పక్క రాష్ట్రం వెయ్యదు. అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇచ్చిన పోలీసు సర్టిఫికెట్టు ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు కాగితం, అది వాషింగ్టన్‌లోని స్టేట్ డిపార్ట్‌మెంటుకి వెళ్ళాలి. న్యూయార్క్‌లో అయితే నోటరీ సంతకాన్ని ముందు కౌంటీ క్లర్కు ధ్రువీకరించాలి. కెనడాలో ఒంటారియో, క్యూబెక్, బ్రిటిష్ కొలంబియా, అల్బర్టా, సస్కాచెవాన్‌లకి సొంత అధికారులున్నారు, మిగతావాటికి గ్లోబల్ అఫైర్స్ శాఖ. బ్రిటన్‌లో విదేశాంగ శాఖ కింద ఒక లీగలైజేషన్ ఆఫీసు. భారత్‌లో విదేశాంగ శాఖ, దానికి ముందు రాష్ట్ర స్థాయి అటెస్టేషన్.

అపోస్టిల్ ఆఫీసు దగ్గర సంతకాల నమూనాలు ఉంటాయి. మీ కాగితం మీద సంతకం పెట్టిన అధికారి నమూనా వాళ్ళ దగ్గర ఉంటేనే స్టాంపు వేస్తారు. ముప్ఫై ఏళ్ళ నాటి పుట్టిన సర్టిఫికెట్టు, చేతిరాతతో ఉన్నది, అమ్మ బీరువాలో జాగ్రత్తగా దాచింది. దానిమీద సంతకం పెట్టినాయన ఎప్పుడో రిటైరై ఉంటాడు. దాన్ని తీసుకెళ్ళకండి, అలాగే దాచుకోండి. రిజిస్ట్రార్ దగ్గర ఈ మధ్యే జారీ అయిన కొత్త నకలు తీసుకోండి, తల్లిదండ్రుల పేర్లు ఉన్న పెద్ద రకం. చాలా దేశాల్లో తల్లిదండ్రుల పేర్లు లేని చిన్న రకం కూడా ఇస్తారు. ఇమ్మిగ్రేషన్‌కి అది చాలదు. తీసుకునేటప్పుడే రెండు నకళ్ళు తీసుకోండి.

అపోస్టిల్ చేతికొచ్చాక

చాలామంది ఎర్ర సీలో బంగారు సీలో చూసి సంబరపడి కవర్లో పెట్టేస్తారు. దాన్ని చదవాలి. చదరంగా ఉంటుంది, ఒప్పందం ప్రకారం పక్క ఒక్కోటి కనీసం 9 సెంటీమీటర్లు. ఏ దేశం ఇచ్చినా పైన శీర్షిక ఫ్రెంచిలోనే ఉండాలి. కింద అంకెలు వేసిన పది గడులు: 1 దేశం, 2 కాగితం మీద సంతకం ఎవరిది, 3 వాళ్ళ హోదా, 4 ఎవరి సీలు, 5 ఏ ఊళ్ళో, 6 ఏ తేదీన, 7 ఎవరు ఇచ్చారు, 8 నంబరు, 9 సీలు, 10 సంతకం.

నేను ముందు మూడో గడి చూస్తాను. అక్కడ రిజిస్ట్రార్ అనో, ఆ రిజిస్ట్రార్ సంతకాన్ని ధ్రువీకరించిన అధికారి హోదానో ఉంటే సరే. నోటరీ పబ్లిక్ అని ఉంటే ఆగుతాను. ఎందుకంటే ఆ అపోస్టిల్ పుట్టిన సర్టిఫికెట్టుకి పడలేదు; దాని జిరాక్స్ మీద సంతకం పెట్టిన నోటరీకి పడింది. కొన్నిచోట్ల అది చెల్లుతుంది, చాలాచోట్ల చెల్లదు. ఏజెంట్లకి ఇది తేలికైన దారి. ఒరిజినల్‌ని రిజిస్ట్రార్ దాకా తీసుకెళ్ళే శ్రమ లేకుండా, జిరాక్స్‌కి నోటరీ కొట్టించి, దానిమీద అపోస్టిల్ వేయించి మీ చేతిలో పెడతారు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది. ఏజెంటుకి ఇచ్చేటప్పుడే "అపోస్టిల్ మూడో గడిలో ఎవరి హోదా వస్తుంది?" అని అడగండి. తెల్లమొహం వేస్తే ఇంకొకర్ని చూసుకోండి.

తర్వాత 6, 8 గడులు. ప్రతి దేశమూ తాను ఇచ్చిన అపోస్టిళ్ళకి రిజిస్టరు పెట్టాలని ఒప్పందంలోనే ఉంది. చాలా దేశాలు దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాయి. ఆ నంబరు, తేదీ కొట్టి మీరే సరిచూసుకోండి, దొరికిన పేజీని ప్రింటు తియ్యండి. దొంగ అపోస్టిల్ ఉందంటే అది మీకు తెలియకుండా జరిగినా, ఫైలు మీద మచ్చ మీకే పడుతుంది.

అపోస్టిల్‌ని కాగితానికి కలిపి కొట్టిన పిన్నులు పీకకండి. ఒకావిడ భర్తకి పంపిన పెళ్ళి సర్టిఫికెట్టుని స్కానింగ్ షాపువాడు తిన్నగా రావాలని పిన్ను విప్పి, స్కాన్ చేసి, మళ్ళీ అదే చిల్లుల్లో పడేట్టు కొట్టి ఇచ్చాడు. కౌంటరులో ఉన్న మనిషి కాగితాన్ని లైటుకి ఎత్తి చూసింది. నాలుగు చిల్లులు ఉండాల్సినచోట ఆరు ఉన్నాయి. అపోస్టిల్ వేరే కాగితం నుంచి తీసి అతికించారేమోనన్న అనుమానం, అంతే, మొత్తం మళ్ళీ మొదటినుంచి. మడత పెట్టి, పిన్ను అలాగే ఉంచి, ఫోన్‌తో ఫొటో తీసినా పర్లేదు. లామినేషన్ అసలొద్దు, దానిమీద ఎవరూ స్టాంపు వెయ్యరు.

ఎలక్ట్రానిక్ అపోస్టిల్ అయితే ఆ ఫైలే ఒరిజినల్. ప్రింటు తీస్తే మామూలు కాగితమైపోతుంది, డిజిటల్ సంతకం అందులో ఉండదు. వచ్చిన ఫైలుని వచ్చినట్టే పంపాలి, పేజీలు విడదీసి మళ్ళీ కలపకూడదు. పుచ్చుకునే ఆఫీసు ఫైలు తీసుకుంటుందా, కాగితమే కావాలంటుందా అని అపోస్టిల్‌కి డబ్బు కట్టకముందే కనుక్కోండి.

మీరు సంతకం పెట్టేవి

పుట్టిన, పెళ్ళి సర్టిఫికెట్లు ప్రభుత్వం ఇచ్చేవి. అఫిడవిట్లు, అంగీకార పత్రాలు, పవర్ ఆఫ్ అటార్నీ మీరు సంతకం పెట్టేవి, వాటికి నోటరీయే మొదటి మెట్టు. కెనడాకి పెళ్ళి లేకుండా కలిసుంటున్న భాగస్వామిగా అప్లై చేసేవాళ్ళు ఐఎంఎం 5409 అనే డిక్లరేషన్ ఇస్తారు, అది అధికారం ఉన్న వ్యక్తి ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాల్సిందే. భాగస్వామికి మొదటి పెళ్ళి నుంచి పిల్లలుంటే, వెంట రాని తల్లి లేదా తండ్రి ఇచ్చే అంగీకారం కూడా ఇదే కోవ. దీన్ని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టమంటాను. మిగతా కాగితాలు ఆఫీసుల చేతిలో ఉంటాయి. ఇది మీ మీద కోపంగా ఉన్న మనిషి చేతిలో ఉంటుంది.

విదేశంలో ఉండి సంతకం పెట్టాలంటే దారులు రెండు. కాగితం మీ సొంత దేశానికి వెళ్తుంటే మీ దేశపు కాన్సులేట్‌లో కాన్సుల్ ముందు పెట్టండి. కాన్సుల్ నోటరీ పని చెయ్యవచ్చని 1963 నాటి వియన్నా ఒప్పందంలో ఉంది. కాగితం ఇంకో దేశానికి వెళ్తుంటే స్థానిక నోటరీ, దానిమీద అపోస్టిల్ మేలు. ఎందుకంటే కాన్సుల్ ఇచ్చిన కాగితాలకి అపోస్టిల్ ఒప్పందం వర్తించదు. మీ కాన్సులేట్ "పెళ్ళి కాలేదు" అని ఇచ్చిన సర్టిఫికెట్టుని మీరున్న దేశంలో వాడుకోవాలంటే, సాధారణంగా ఆ దేశపు విదేశాంగ శాఖ దగ్గర కాన్సుల్ సంతకాన్ని ధ్రువీకరించుకోవాలి.

నోటరీ ముందు కూర్చున్నప్పుడు జరిగేది రెండు మూడు నిమిషాల పనే, కానీ తప్పులన్నీ అక్కడే పడతాయి. ఇంటి దగ్గర సంతకం పెట్టుకుని వెళ్ళకండి, వాళ్ళ కళ్ళముందే పెట్టాలి. పాస్‌పోర్టు తీసుకెళ్ళండి, గడువు చూసుకుని. ఖాళీ గీతలు ఏవైనా ఉంటే అడ్డంగా కొట్టెయ్యండి లేదా "వర్తించదు" అని రాయండి. ఆ నోటరీకి మీ కాగితం భాష రాకపోతే కొందరు చెయ్యనంటారు, చాలా యూరోప్ దేశాల్లో అయితే తప్పకుండా అంటారు. రెండు భాషలూ పక్కపక్కన ఉన్న ప్రతి తీసుకెళ్తే పని నడుస్తుంది. మీకు ఏ రకం నోటరీ కావాలో కూడా మీరే చెప్పాలి. "ఈ సంతకం నాదే" అని ఒప్పుకునేది ఒకటి, "ఇందులో రాసింది నిజం" అని ప్రమాణం చేసి పెట్టేది ఇంకోటి. అఫిడవిట్‌కి రెండోది కావాలి. ఏది వెయ్యాలని నోటరీని అడిగితే అమెరికాలో చెప్పకూడదు, అక్కడ నోటరీ లాయరు కానక్కర్లేదు. ఫ్రాన్సులో, జర్మనీలో, లాటిన్ అమెరికా దేశాల్లో నోటరీ అంటే పెద్ద న్యాయ నిపుణుడు. కాగితం ఆయనే రాస్తాడు, చాలాసార్లు ఒరిజినల్ తన దగ్గరే ఉంచుకుని మీకు నకలు ఇస్తాడు. దాన్ని చూసి కంగారుపడకండి.

వీడియో కాల్‌లో చేసే నోటరీకి చట్టం మొదట తెచ్చింది అమెరికాలో వర్జీనియా, 2012 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. చేసే చోట చట్టబద్ధమే, పుచ్చుకునే చోట ఒప్పుకుంటారా అన్నదే ప్రశ్న. ఈమెయిల్‌లో ఒప్పుకున్నామని రాస్తే తప్ప నేను ఆ దారికి పోనివ్వను.

పేర్లు

నా టేబుల్ మీద ఆగిపోయే ఫైళ్ళలో ఎక్కువ పేర్ల దగ్గరే ఆగుతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పుట్టిన సర్టిఫికెట్టులో ఒక్క అక్షరం, పెళ్ళి సర్టిఫికెట్టులో చివర, డిగ్రీలో ముందు. మనకి అందరూ ఒకే మనిషి. కంప్యూటరు ముందు కూర్చున్న ఆఫీసరుకి నలుగురు. స్టాంపులు వేయించకముందే అన్ని కాగితాలూ బల్లమీద పరిచి, ప్రతిదాంట్లో పేరు ఎలా ఉందో ఒక తెల్లకాగితం మీద అక్షరం అక్షరం రాసుకోండి. పాస్‌పోర్టుని కొలబద్దగా పెట్టుకోండి. సరిచేయించగలిగినవి సరిచేయించండి, పెళ్ళి సర్టిఫికెట్టు ముందు. మార్చలేనివాటికి "ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి" అనే అఫిడవిట్; అందులో ఏ పేరు ఏ కాగితంలో ఉందో, నంబరూ తేదీతో సహా రాయాలి. "వివిధ రూపాల్లో" అని గాల్లో రాస్తే ఉపయోగం లేదు. తేదీలూ అంతే: 03/04 అంటే ఒకచోట మార్చి, ఇంకోచోట ఏప్రిల్. అనువాదంలో నెల పేరు అక్షరాల్లో రాయించండి.

అనువాదం అన్ని స్టాంపులూ పడ్డాకే. ముందే చేయిస్తే అపోస్టిల్‌లో ఉన్నది అనువాదంలో ఉండదు, మళ్ళీ డబ్బు కట్టాలి. వెనకపేజీ, సీలు లోపలి అక్షరాలు, మార్జిన్‌లో చేతిరాత, అన్నీ అనువాదంలోకి రావాలి. ఎవరు చెయ్యాలన్నది మళ్ళీ ఆ టేబుల్‌ని బట్టే. కెనడాకి అప్లై చేసేవాళ్ళ కుటుంబసభ్యులు అనువదిస్తే చెల్లదు, వాళ్ళు అనువాదకులైనా సరే. జర్మనీ, స్పెయిన్ లాంటిచోట్ల ప్రమాణం చేసిన అనువాదకులే కావాలి, ఆ దేశంలో ఉన్నవాళ్ళ చేత చేయిస్తే ఆ అనువాదానికి ఇంకో అపోస్టిల్ బెడద ఉండదు.

తేదీల లెక్క

అపోస్టిల్‌కి ఒప్పందంలో గడువేమీ లేదు. దాని కింద ఉన్న కాగితానికి ఉండవచ్చు. "పెళ్ళి కాలేదు" అనే సర్టిఫికెట్టుకీ పోలీసు సర్టిఫికెట్టుకీ చాలాచోట్ల కొన్ని నెలలే విలువ. కెనడాకి అయితే, ఇప్పుడు నివసిస్తున్న దేశం పోలీసు సర్టిఫికెట్టు అప్లికేషన్ పెట్టేనాటికి ఆర్నెల్లు దాటకూడదు. కాబట్టి పుట్టిన సర్టిఫికెట్టు, పాత విడాకుల డిక్రీ లాంటి కదలనివి ముందు. పోలీసుదీ పెళ్ళి కాలేదనే సర్టిఫికెట్టూ చివర. విడాకుల డిక్రీ ఉంటే మొత్తం పేజీలు, ఇక అప్పీలు లేదనే కోర్టు మాటతో సహా. మొదటి పేజీ ఒక్కటే తెచ్చేవాళ్ళే ఎక్కువ.

కొరియర్‌లో పంపేటప్పుడు ఒరిజినళ్ళన్నీ ఒకే కవర్లో పెట్టకండి. లోపల ఏమున్నాయో జాబితా రాసి, అదీ పెట్టండి, ఆ జాబితా నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఇంటర్వ్యూకి ఒరిజినల్ చూపించడానికి, ఇచ్చెయ్యడానికి జిరాక్స్ వేరువేరు కవర్లలో పట్టుకెళ్ళాలి. కౌంటరులో ఒరిజినల్ అడిగితే తిరిగిస్తారా అని అక్కడే అడగండి. తిరిగి రాదంటే రెండో నకలు అప్పుడు బయటికి తియ్యండి.

ఏదైనా తిప్పి పంపితే, "చెల్లదు" అన్న మాటతో బయటికి రాకండి. ఎవరి సంతకం ధ్రువీకరణ కాలేదని అంటున్నారో రాసివ్వమనండి. రిజిస్ట్రార్‌దా, నోటరీదా, అనువాదకుడిదా అన్నది తెలిస్తే ఆ మెట్టు ఒక్కటే మళ్ళీ కడతారు.